ఏమీ కొనని పాఠకుడు

"తువ్వాలు ఆరేసుకునే కడ్డీని మీరెప్పుడైనా చేత్తో పట్టుకుని లాగి చూశారా?" అని ఆమె స్నానాల గది తలుపుకి నోరు దగ్గరగా పెట్టి చదివింది.

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

"చూడలేదు. ఎందుకు లాగాలి?" అంది అత్తగారి గొంతు.

"వినండి మరి. 'తడి నేల మీద కాలు జారినప్పుడు మన చెయ్యి దగ్గర్లో ఏది ఉంటే దాన్ని పట్టుకుంటుంది. చేతికి ఆలోచన ఉండదు...'"

"చేతికేం ఖర్మ, మావాడికే లేదు. నిన్న మళ్ళీ సబ్బు నేలమీద వదిలేసి పోయాడు. ఊఁ, చదువు."

"'ఆ కడ్డీని తువ్వాలు మొయ్యడానికి చేశారు, మనిషిని మొయ్యడానికి కాదు. గోడలోంచి ఊడి, మనతోపాటే కింద పడుతుంది. ఆ తర్వాత జరిగేది తలుచుకుంటేనే గుండె ఆగిపోతుంది. తుంటి ఎముక విరిగితే ఆరు నెలలు మంచంలో...'"

"ఆగాగు." లోపల చెంబు కింద పెట్టిన చప్పుడైంది. "కడ్డీ ఊడొస్తుందన్నావు. బాగుంది. నేను లేచి వెళ్ళి మా కడ్డీ సంగతేమిటో చూసుకుందామనుకుంటున్నాను. ఈలోపే నన్ను ఆస్పత్రిలో పడుకోబెట్టేశావు. ఇంక కడ్డీ ఎవరు చూస్తారు?"

ఆమె కాగితాన్ని తలుపుకే ఆనించి, పెన్నుతో రెండు వాక్యాలు కొట్టేసింది. తలుపు చెమ్మకి కాగితం మెత్తబడి, పెన్ను ములుకు ఓ చోట చిల్లు పొడిచింది.

అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. స్నానానికి ఇరవై అయిదు నిమిషాలు. అంతసేపూ బయట ఎవరో ఒకరు నిలబడాలి. కాపలా అంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. "నేనేమైనా జైల్లో ఉన్నానా?" అంటుంది. అందుకని కోడలు నాలుగేళ్ళ కిందట ఒక ఉపాయం పన్నింది. ఏ రోజు రాసింది ఆ రోజు తలుపు బయట నిలబడి చదువుతుంది. ఇప్పుడు దాన్ని కాపలా అని ఎవరూ అనరు. 'వినిపించడం' అంటారు. ఒక్కరోజు ఆలస్యమైతే అత్తగారే, "ఏం, ఇవాళ ఏమీ రాయలేదా? ఒంట్లో బాలేదా?" అని ఆరా తీస్తుంది.

ఆమె పని బ్లాగులు రాయడం. వయసు యాభై ఒకటి. ముతక చేతులు, పొట్టి మెడ, ఎడమ మోకాలికి ఎప్పుడూ ఉండే పట్టీ. వీధిలో పదిమందిలో నిలబడితే పదకొండోసారి కూడా ఎవరూ గుర్తుపట్టరు. ఆమె ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే బస్ డిపోలో మెకానిక్కుగా ఉన్న భర్త, "కంప్యూటర్లో ఏదో రాస్తుంది," అని ఊరుకుంటాడు. అంతకంటే వివరంగా చెప్పడం ఆమెకీ చేతకాదు.

నిజానికి రాత ఆమె నేర్చుకున్న విద్య కాదు. ఇరవై రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు అమ్మింది. భుజాన నమూనా పెట్టె, చేతిలో రంగుల కాగితాలు, రోజుకి అరవై తలుపులు. యాభై అసలు తెరుచుకోవు. తెరుచుకున్నవాటిలో సగం మూడోమాటకే మూసుకుంటాయి. ఆ చదువు ఆమెకి ఆ వీధుల్లోనే అబ్బింది. గంట కొట్టాక రెండడుగులు వెనక్కి జరిగి నిలబడాలి, అప్పుడు లోపలి మనిషి బెదరకుండా తలుపు తీస్తుంది. ఫిల్టరు గురించి నోరెత్తకూడదు. వాకిట్లో కనబడిన బకెట్టు అంచున పేరుకున్న తెల్లటి పొర గురించి అడగాలి. ఆ పొరతో ఆవిడ ఎన్నాళ్ళుగా కుస్తీ పడుతోందో ఆవిడే చెప్పుకొస్తుంది. వద్దన్న ఇంటి దగ్గర మరీ నవ్వుతూ సెలవు తీసుకోవాలి, వచ్చే ఏడాదీ అదే వీధి తొక్కాలి కనక.

తర్వాత మోకాలు మెట్లతో మాటలు మానేసింది. అదే ఏడు జనం ఫిల్టర్లు ఫోన్లోనే కొనుక్కోవడం మొదలుపెట్టారు. వీధి అమ్మకాలవాళ్ళందర్నీ కంపెనీ ఒకేరోజు పంపించేసింది. నలభై ఏడేళ్ళ వయసులో ఆమె ఇప్పుడున్న చిన్న కంపెనీలో ఫోన్లు ఎత్తే పనికి చేరింది. వీళ్ళు అమ్మేవి స్నానాల గదిలో పెద్దవాళ్ళు జారిపడకుండా గోడకి బిగించే ఉక్కు కడ్డీలు, తడిసినా తుప్పు పట్టని కుర్చీలు, చేతికర్రలు. వారంపాటు ఆమె ఫోన్లో మాట్లాడటం చెవి ఒగ్గి విన్న యజమాని ఒకరోజు పిలిచి, "నువ్వు ఇప్పుడు ఆవిడకి చెప్పావే, అదే ఉన్నదున్నట్టు రాసిపెట్టు. మనం ఫోను ఎత్తని వేళ కూడా జనం చదువుకుంటారు," అన్నాడు.

రెండు వేళ్ళతో కొట్టింది. మొదటిదానికి తొమ్మిది రోజులు పట్టింది. వారం తిరిగేసరికి ఇరవైమంది చదివారు, అందులో ఆరుగురు ఆఫీసువాళ్ళే. కంపెనీ కాగితాల్లో ఆ కడ్డీ పేరు గ్రాబ్ బార్. ఆ మాట పలకడానికే అత్తగారు ఒప్పుకోలేదు. అందుకని ఆమె రాతల్లో అది 'పట్టుకడ్డీ' అయింది. ఇప్పుడు ఫోను చేసేవాళ్ళంతా పట్టుకడ్డీ అనే అడుగుతారు. నాలుగేళ్ళలో నూట ఎనభై బ్లాగులు, ప్రతి మంగళవారం ఒక ఉత్తరం, దాన్ని తెప్పించుకునేవాళ్ళు ఆరువేలమంది. చదివిన వందమందిలో నలుగురు కొంటారు. ఈ వ్యాపారంలో వందకి నలుగురంటే మాటలు కాదట. ఆమెకి మాత్రం ఎప్పుడూ ఆ తొంభై ఆరుగురి మీదే మనసు. వాళ్ళు ఎందుకు చదువుతారు? చదివి ఏం చేస్తారు?

"అయిపోయింది, తువ్వాలు అందుకో," అంది అత్తగారు. తలుపు సందులోంచి తడిచెయ్యి బయటికొచ్చింది. "చివర్లో కొనమని మరీ దేబిరించకు. ఓసారి చెప్పి ఊరుకో."

* * *

ఆఫీసంటే సామాను గోడౌను మీద ఒక పొడుగాటి గది. నాలుగు బల్లలు, గోడల నిండా నమూనాకి బిగించిన పట్టుకడ్డీలు. వాటికి సంచులు, గొడుగులు, టిఫిన్ డబ్బాలు వేలాడుతుంటాయి. కొనేవాళ్ళు ఎవరైనా చూడటానికొస్తే అందరూ లేచి గబగబా తీసేసుకుంటారు.

ఆమె సంచి తగిలించేలోపే చిన్న మేడమ్ వచ్చింది. అమ్మకాల విభాగానికి అయిదు నెలల కిందట హెడ్‌గా చేరిన ముప్ఫయ్యొక్కేళ్ళ అమ్మాయి. చురుకైన మనిషి. అన్యాయంగా మాట్లాడదు. అంకెలు చూడనిదే దేన్నీ నమ్మదు.

"అక్కా, మీకొక పని," అంటూ లాప్‌టాప్ తిప్పి చూపించింది. "వీళ్ళు నాలుగు వందల పన్నెండు మంది. రెండేళ్ళుగా మన ఉత్తరాలు తెరుస్తున్నారు. ఒక్కళ్ళూ ఏమీ కొనలేదు. కనీసం ఒక్క లింకు నొక్కలేదు. ఇవాళ సాయంత్రం అయిదింటికి వీళ్ళని లిస్టులోంచి తీసేస్తున్నాను."

"తియ్యడమెందుకు మేడమ్? చదువుతున్నారు కదా."

"చదివితే మనకేమొస్తుందక్కా? మనం పత్రిక నడపట్లేదుగా."

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు.

"తీసేముందు చివరిసారి ఒక ఉత్తరం వెళ్ళాలి. నేనే రాశాను. కాస్త భాష చూసివ్వండి చాలు."

ఎర్రటి అక్షరాల్లో, 'చివరి హెచ్చరిక! రేపు జారిపడేది మీరే కావచ్చు!' అని ఉంది. కింద ఇంకా ఎర్రగా, 'ఇప్పుడే కొనండి' అనే బటన్.

ఆమె రెండుసార్లు చదివింది. "దీన్ని నేను మళ్ళీ రాస్తే మీకేమైనా అభ్యంతరమా?"

చిన్న మేడమ్ గడియారం చూసుకుంది. "పన్నెండులోపు వెళ్ళిపోవాలి. పర్లేదా?"

"పర్లేదు."

ముందు ఆ నాలుగు వందల పన్నెండుమంది పేర్లూ వరసగా చదువుకుంటూ వచ్చింది. ఉత్తరం రాసేముందు ఎవరికి రాస్తున్నదీ తెలియకపోతే ఆమెకి వేళ్ళు కదలవు. మూడోపేజీలో, తెలిసిన మనిషి సంతలో ఎదురైనట్టు, ఒక పేరు దగ్గర ఆగిపోయింది.

అంగుళాలాయన.

ఆఫీసంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. మూడేళ్ళ కిందట ఆయన దగ్గర్నుంచి మొదటి జవాబు వచ్చింది. 'మీరు బొమ్మలో కడ్డీని నేలకి ముప్ఫై మూడు అంగుళాల ఎత్తున చూపించారు. అయిదడుగుల మనిషికి అది ఎక్కువ. గోడకి చిల్లు పడ్డాక విచారించి లాభం లేదు. గమనించగలరు.' ఆమె ఇంటికెళ్ళి అత్తగారిని నిలబెట్టి కొలిచి చూసింది. ఆయన చెప్పిందే రైటు. మర్నాడు బొమ్మ మార్చి, కృతజ్ఞతలు రాసింది. అప్పట్నుంచీ వారం విడిచి వారం ఏదో ఒక సవరణ వచ్చేది. 'కుర్చీ కాళ్ళ మధ్య దూరం చెప్పారుగాని కాళ్ళు బయటికి వాలి ఉన్న సంగతి మరిచారు.' 'ఈ వ్యాసంలో సుమారుగా అనే మాట మూడుసార్లు వాడారు. గోడకి సుమారుగా అంటే ఏమిటో తెలియదు.' ఆ ఉత్తరం చదివి ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట రాయలేదు.

తన గురించి ఆయన రాసుకున్నది ఒక్కసారే. 'నలభై ఏళ్ళు ఇళ్ళ ప్లానులు గీశాను. కట్టుకునేవాళ్ళు ముసలివాళ్ళవుతారని ఒక్క ప్లానులోనూ గీయలేదు.'

రెండు నెలలుగా ఆయన దగ్గర్నుంచి జవాబుల్లేవు. ఉత్తరాలు మాత్రం తెరుస్తూనే ఉన్నారు. ఇదివరకు మంగళవారం పది దాటగానే తెరిచేవారు. ఎందుకో ఈమధ్య సాయంత్రం నాలుగింటికి తెరుస్తున్నారు. ఏం కొన్నారన్న గడిలో సున్నా. ఏ లింకు నొక్కారన్న గడిలోనూ సున్నా.

ఉత్తరం ఒక పట్టాన కుదరలేదు. మొదటిది బతిమాలినట్టుంది. రెండోది అలిగినట్టుంది. మూడోదానిలో చమత్కారం ఎక్కువై, రాసినావిడ తన తెలివి చూసి తనే మురిసిపోతున్నట్టుంది. మూడూ చెరిపేసింది. లేచి కిటికీ దాకా నడిచి, మోకాలు సాగదీసి, తిరిగొచ్చి కూర్చుంది. నాలుగోది పావుగంటలో అయిపోయింది.

'మీరు రెండేళ్ళకి పైగా మా ఉత్తరాలు చదువుతున్నారు. ఇంతవరకు ఏమీ కొనలేదు. దానికి సంజాయిషీ అడగడానికి కాదు ఈ ఉత్తరం.

అక్కర్లేని ఉత్తరం ఇంటికొస్తుంటే విసుగ్గా ఉంటుంది. అందుకని అడుగుతున్నాను, ఇకముందు కూడా పంపమంటారా, మానమంటారా? మానమనేట్టయితే మీరేమీ చెయ్యక్కర్లేదు, ఈ సాయంత్రంతో ఆగిపోతాయి. పంపమనేట్టయితే ఒక్క సంగతి చెప్పండి. మీరివన్నీ ఎవరికోసం చదువుతున్నారు?

ఒక్క మాట రాసినా చాలు. చదివేది నేనే.

ఇట్లు, ఈ ఉత్తరాలు రాసే మనిషి.'

పదకొండూ నలభైకి పంపేసింది. పదకొండూ నలభై రెండుకి చిన్న మేడమ్ బల్ల దగ్గరికి వచ్చింది.

"బటన్ ఏదక్కా?"

"పెట్టలేదు మేడమ్."

"మర్చిపోయారా?"

"లేదు."

"కొనమని అడక్కుండా అమ్మకం ఎలా అవుతుంది?"

"రెండేళ్ళు మనమే మాట్లాడాం కదా. ఇవాళొక్క రోజు వాళ్ళని మాట్లాడనిద్దాం."

చిన్న మేడమ్ మళ్ళీ గడియారం చూసుకుంది. "సరే. అయిదింటిదాకా," అని వెళ్ళిపోయింది. ఆ నడకలో కోపం లేదుగాని నమ్మకమూ లేదు. పంపిన ఉత్తరం వెనక్కి రాదు. ఒక్కరూ పలక్కపోతే, నాలుగేళ్ళుగా ఎవరూ లేని ఇంటి ముందు నిలబడి మాట్లాడినట్టే లెక్క.

పన్నెండూ అయిదుకి మొదటి జవాబు. 'అమ్మ కోసం. ఆవిడ ఒప్పుకోదు.'

తర్వాత ఇంకొకటి. 'నాకోసమే. మా పిల్లలకి చెప్పకండి.'

'మా ఆయన కోసం. ఆయన మా అత్తగారి కోసం అనుకుంటున్నాడు.'

'ఎవరికోసమూ కాదు. నాకింకా ఇరవై తొమ్మిది. మీరు చెప్పే తీరు బాగుంటుంది, అందుకని.'

డబ్బా మూత తీసిందిగాని ముద్ద నోటికి చేరలేదు. ఒక చేత్తో తెరను కిందికి జరుపుతూ, రెండో చేత్తో కళ్ళద్దాలు తుడుచుకుంటూ చదివింది. ఒకాయన తన భార్య పడిపోయిన సంగతి రెండు పేజీలు రాసి, చివర 'ఇదంతా ఎవరికీ చెప్పలేదు' అన్నాడు. ఒకావిడ, 'అడిగారు గనక చెబుతున్నా, కుర్చీ ఒకటి కావాలి, తెలుపు రంగుది,' అంది. రెండింటికల్లా అరవై ఎనిమిది వచ్చాయి. ఎప్పుడొచ్చిందోగాని చిన్న మేడమ్ ఆమె కుర్చీ వెనకే నిలబడి చదువుతోంది.

"ఇదేంటక్కా, వీళ్ళంతా మనుషుల్లా మాట్లాడుతున్నారు!" అంది ఉండబట్టలేక. అనేశాక తనకే నవ్వొచ్చింది.

రెండూ ఇరవైకి అంగుళాలాయన పేరుమీద జవాబు వచ్చింది. ఆమె ఆత్రంగా తెరిచింది.

'అమ్మా, ఇది ఆయన రాస్తున్నది కాదు, ఆయన భార్యని. ఆయన పోయి ఏడు వారాలైంది. మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కునుకు తీశారు, మళ్ళీ లేవలేదు. బాధపడలేదు. అప్పట్నుంచీ మీ ఉత్తరాలు సాయంత్రం టీ తాగుతూ నేను చదువుతున్నాను. జవాబివ్వాలని తెలియదు. ఇవాళ టీకి ముందే తెరిచాను, మీరు అడిగారు గనక రాస్తున్నాను.

మాది పాత ఇళ్ళ సముదాయం. మీ ఉత్తరాలు చూసి ఆయన ఒక్కో ఇంటికీ వెళ్ళి కొలతలు తీసి, కింద సామాన్ల కొట్లో కడ్డీలు తెప్పించి, దగ్గరుండి బిగించారు. పద్నాలుగు ఇళ్ళు. మీ దగ్గర తెప్పిస్తే వారం పడుతుందని, ఆయనకి ఆగే ఓపిక లేదని అక్కడ కొన్నారు. మీ సలహా తీసుకుని సరుకు వేరేచోట కొంటున్నానని మొహమాటపడేవారు. అందుకే, కనీసం కొలతల్లో తప్పులైనా దిద్ది పంపుతానని కూర్చునేవారు.

ఎవరికోసం చదువుతున్నారని అడిగారు. ఆయన చదివింది నాకోసం. ఊరందరికీ బిగించారుగాని మా ఇంట్లో మాత్రం నేను బిగించనివ్వలేదు. నేనేం ముసలిదాన్నా అన్నాను. అప్పటికే నాకు డెబ్భై ఒకటి. నిన్న స్నానం చేస్తూ జారాను. దెబ్బ తగల్లేదు. కాని చెయ్యి గోడంతా వెతికింది.

ఎవరినైనా పంపండి. అమ్మేవాళ్ళని కాదు, బిగించేవాళ్ళని.'

ఆమె ఉత్తరం మళ్ళీ మొదట్నుంచి చదివింది. ఎన్నడూ చూడని మనిషి. గొంతు ఎలా ఉంటుందో కూడా తెలియదు. కాని బల్ల అవతలివైపు రోజూ కూర్చునే మనిషి లేచి వెళ్ళిపోయినట్టు, అటువైపు గాలి ఆడనట్టు అనిపించింది.

చిన్న మేడమ్ మెల్లగా, "పద్నాలుగు ఇళ్ళు," అంది. "మన లెక్కలో సున్నా." లిస్టు మీద ఒకసారి కళ్ళు పరిగెత్తించి, "ఎవర్నీ తియ్యట్లేదక్కా. జవాబివ్వనివాళ్ళని కూడా. ముందు వీళ్ళందరికీ మీరు తిరిగి రాయండి," అంది. తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "రేపు రాద్దురుగాని. ఇప్పుడు ఫిట్టర్ వ్యాను ఖాళీగానే ఉంది. మీరూ వెళ్ళండి."

* * *

ఫిట్టర్ తక్కువ మాట్లాడే మనిషి. వ్యానులో దారంతా ఒక్కటే అడిగాడు. "పద్నాలుగూ ఆయనే బిగించాడా? డ్రిల్లు ఎవరిదంట?"

మూడో అంతస్తు. లిఫ్టు లేదు. రెండో అంతస్తులో మోకాలు మొరాయించి ఆమె గోడకి ఆనుకుంది. ఎదురింటి తలుపు తెరిచే ఉంది. చేతికర్రతో ఒక పెద్దమనిషి బయటికొచ్చి, ఫిట్టర్ భుజాన సామాను సంచి చూసి, "పైకేనా?" అన్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చారో తెలిశాక ఆమె వంక ఎగాదిగా చూశాడు. "ఉత్తరాలు రాసేది నువ్వేనా తల్లీ? ఆయన మాకు చదివి వినిపించేవాడు. లోపలికి రా, చూద్దువుగాని."

స్నానాల గది అగ్గిపెట్టంత ఉంది. గోడకి ఉక్కుకడ్డీ, తాడు పట్టి గీసినంత తిన్నగా. ఆమె చేత్తో పట్టుకుని లాగింది. కదల్లేదు. రెండు చేతులా, ఒళ్ళు బరువంతా వేసి లాగింది. గోడ, కడ్డీ ఒకటే అయినట్టున్నాయి. నాలుగేళ్ళు రాసింది. రాసినది ఎవరింట్లోనైనా ఇలా గోడకెక్కి నిలబడటం కళ్ళారా చూడటం ఇదే మొదలు.

"చచ్చేవరకూ ఊడదన్నాడు," అన్నాడు ఆ పెద్దాయన. "ఎవరు చచ్చేవరకని అడిగాను. ఇద్దరం తెగ నవ్వుకున్నాం."

పై అంతస్తులో తలుపు తీసినావిడ చిన్నగా, చువ్వలా ఉంది. నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. "మెట్లెక్కొచ్చావా ఈ కాలుతో? కూర్చో ముందు," అని ఆమెకి మంచినీళ్ళిచ్చింది. ఫిట్టర్‌తో, "అదిగో, అటు. తలుపు వెనకాల స్విచ్చి," అంది. ఆయన గురించి ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. చెప్పాల్సింది ఉత్తరంలో అయిపోయింది. కుర్చీ ఒకటి కిటికీ పక్కన ఉంది. ఎవరూ అందులో కూర్చోలేదు.

"అక్కా, ఒకసారి రండి," అని ఫిట్టర్ కేకేశాడు.

స్నానాల గది గోడకి నూనెరంగు వేసి ఉంది. కుళాయి పక్కన, ఒకే ఎత్తులో, పెన్సిల్‌తో సన్నగా వేసిన రెండు ఇంటూ గుర్తులు. ఫిట్టర్ వాటి మధ్య టేపు పెట్టాడు, నేలనుంచి పెట్టాడు, మట్టం పెట్టి చూశాడు. "నేను కొలవాల్సింది ఏమీ లేదక్కా. వెంట్రుకవాసి తేడా లేదు."

"రెండుసార్లు తుడిచేశాను," అంది ఆ ఇంటావిడ గుమ్మంలో నిలబడి. "మళ్ళీ గీసేవారు. గోడలన్నీ పాడు చేస్తున్నారని కేకలేశాను. 'చిల్లు పెట్టనులే, గీత ఉంటే నీకేం?' అన్నారు. మూడోసారి విసుగొచ్చి వదిలేశాను."

డ్రిల్లు మోగుతుంటే ఆవిడ చెవులు మూసుకోలేదు. రాలుతున్న తెల్లటి పొడినే చూస్తూ నిలబడింది. కడ్డీ బిగించాక ఫిట్టర్ పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ ముందు రెండు వేళ్ళతో ముట్టుకుంది. తర్వాత ఒక చెయ్యి వేసింది. తర్వాత రెండో చెయ్యి. కొంచెం వంగి, బరువు వేసి, కళ్ళు మూసుకుని క్షణం అలాగే ఉండిపోయింది.

"గట్టిగానే ఉంది," అంది చివరికి.

ఉత్తరాలు వచ్చే పేరు మార్చమంటారా అని ఆమె అడిగింది.

"మార్చడమెందుకు? నాది వేరే రాసుకో," అంది ఆవిడ. "రెండొస్తే రెండూ చదువుతాను, నాకు పనేముంది? ఇంకో మాట. పక్క భవనంలో ఇరవై నాలుగు ఇళ్ళున్నాయి. ఆయన అక్కడ మొదలుపెడదామనుకున్నారు. నాకు కొలతలు తెలియవు గాని, తలుపులు తట్టడం తెలుసు. నువ్వు మంచి ఉత్తరం ఒకటి రాసియ్యి, పట్టుకెళ్తాను."

"నేనూ వస్తాను," అంది ఆమె. ఆ మాట నోటివెంట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. "మెట్లు లేనివాటికి ముందు వెళ్దాం."

ఇద్దరూ నవ్వారు.

ఫిట్టర్ సామాను సర్దుకుంటూ, కింద పడ్డ స్క్రూ కోసం ఎత్తు పీటనీ దానిమీది పెద్ద బకెట్టునీ పక్కకి జరిపాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. "ఇక్కడింకో జత ఉన్నాయమ్మా," అన్నాడు. "పైవాటికంటే అంగుళమున్నర కిందికి. ఇవి కూడా బిగించమంటారా?"

ఆవిడ దగ్గరికొచ్చి, గోడమీద ఒక చెయ్యి ఆనించబోయి, దాన్ని కొత్త కడ్డీ మీదికి మార్చుకుని, మెల్లగా వంగి చూసింది. ఆ గుర్తుల్ని ఆవిడ ఎన్నడూ చూడలేదు. తుడవలేదు.

"వద్దు బాబూ," అంది. "వాటికింకా టైముంది."

బకెట్టు జరిపిన చోటే ఉండిపోయింది. సామాను సంచి మెట్లు దిగుతున్న చప్పుడు కిందికి వెళ్ళింది. సాయంత్రపు వెలుతురు వెంటిలేటర్లోంచి గోడమీద వాలింది. అక్కడ, రెండు సన్నటి ఇంటూ గుర్తుల పక్కన, ప్లానుల మీద రాసే గుండ్రటి చిన్న అక్షరాల్లో, పెన్సిల్‌తో ఇలా ఉంది: 'పదేళ్ళ తర్వాత, మనిషి కాస్త కుంగాక.'